దున్నకుండా విడిచిన జాగా

మా ఆడవాళ్లు కలుసుకుంటే ముందు ఏడుస్తారు. మాటలు తర్వాత. పెళ్లయి వేరే తండాకు పోయిన బిడ్డ ఏడాదికి ఇంటికొచ్చినా, చిన్ననాటి జతగత్తె అంగట్లో ఎదురుపడినా, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి రాగం తీస్తారు. ఒకామె ఎత్తుకుంటుంది. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ ఎద్దు చచ్చింది, ఏ చేను ఎండింది, అన్నీ ఆ రాగంలోనే చెప్పుకుపోతుంది. ఆమె ఆపినచోట రెండో ఆమె అందుకుంటుంది. లంబాడీలో దాన్ని ఢావ్లో అంటాం. మా తండాలో దానికొక కట్టుబాటు ఉండేది. ఎవరి ఏడుపునైనా బదులు ఇవ్వకుండా విడిచిపెట్టకూడదు. విడిస్తే ఆ ఏడుపు ఎటూ పోదట, ఏడ్చిన చోటనే కూర్చుని ఉంటుందట.

నాకు ఇదంతా తలనొప్పిగా ఉండేది. నల్గొండ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైన దాన్ని, టీచరు ట్రైనింగు కూడా చేసిన దాన్ని. సెలవులకు బస్సు దిగి తండాలో కాలు పెడితే చాలు, మా దాది, అంటే మా బాపును కన్నతల్లి, నా మెడ చుట్టూ చేతులేసి రాగం ఎత్తుకునేది. "జర ఊపిరన్న తీస్కోనియ్యవే దాదీ" అని కసిరేదాన్ని. వింటే కదా! నేను బదులు ఏడ్చేదాకా వదిలేది కాదు. నాకు రాగం రాదు. ముక్కుతో ఏదో మూలిగి అయిందనిపించేదాన్ని. "గదేం ఏడుపే, జలుబు చేసిన మేకతీరు? నడకొచ్చిన పిల్ల నీకంటె మంచిగ ఏడ్సింది" అని నా నెత్తిన ఒక్కటి ఇచ్చేది. మా ఇంట్లో మాటలు లంబాడీలోనే నడిచేవి. వాటిని మా దిక్కు తెలుగులోకి మార్చి రాస్తున్నాను.

ఆ నడకొచ్చిన పిల్ల ఎవరో నాకు తెలుసు. దాది తొలిచూలు బిడ్డ, బాపుకు అక్క, నాకు మేనత్త. మాటలింకా రాకముందే జరమొచ్చి పోయింది. బతికున్నన్నాళ్లు దాది ఎవరితో ఢావ్లో పాడుతున్నా పక్కన నిలబడి, కాసేపు ఏడ్చి, కాసేపు ఆగి, మళ్లీ ఏడ్చి, అచ్చం అలాగే చేసేదట. ఆ పిల్లను చూసి ఆడవాళ్లు ఏడుపు మరచి నవ్వేవాళ్లట.

మండలాలు వచ్చిన కొత్తల్లోని సంగతి ఇది. దేవరకొండ అవతల, పాలమూరు జిల్లా పొలిమేరకు దగ్గర్లో మా తండా. కొన్నేళ్ల ముందే మా వాళ్లను సర్కారు షెడ్యూల్డు తెగల్లో చేర్చింది. చేర్చితే ఏం? తండా మాత్రం ఊరికి తోకలాగే ఉండేది. రేషను దుకాణం ఊళ్లో, బడి ఊళ్లో, పంచాయతీ ఊళ్లో, వాటన్నింటి మీద కూర్చున్న పటేలు ఊళ్లో. తరాలుగా దున్నుకుంటున్న చెలకకు, అంటే మెట్టచేనుకు, పట్టా అడిగితే, "మీరు తిరుగుడు జాతోళ్లు, మీకు పట్టా ఎందుకురా" అని నవ్వేవాడు పటేలు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అప్పుడు ఇంకో తండా నుంచి ఒకాయన సైకిలు వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. హైదరాబాదులో డిగ్రీ చదివి, ఉద్యోగం చూసుకోకుండా వెనక్కి వచ్చిన మనిషి. అందరం భియా అనేవాళ్లం, అన్న అని. తండాలన్నీ ఒక సంఘం కట్టాలి, దున్నుకునే భూమికి పట్టా కావాలి, తండాలోనే బడి కావాలి, తండాకు తన పంచాయతీ కావాలి. ఇదీ ఆయన పాట. మొదటి మీటింగు దేవరకొండలో, అంగడి లేని రోజు చూసి, అంగడి జాగాలోనే పెట్టాడు. చదువుకున్నదాన్నని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మగవాళ్లు కొద్దిమందే వచ్చారు. ఆడవాళ్లు మాత్రం తండాలకు తండాలే కదిలి వచ్చారు. ఒకరినొకరు చూసుకున్నారు. ఇంకేముంది! చిన్నప్పుడు విడిపోయిన అక్కాచెల్లెళ్లు, పెళ్లిళ్లలో చూసుకున్న వియ్యపురాళ్లు, ఎవరికి చిక్కినవాళ్ల మెడ వాళ్లు పట్టుకుని ఎత్తుకున్నారు. అంగడి జాగా అంతా రాగం. భియా చేతిలో ఉపన్యాసం కాగితం, ముఖంలో చిరాకు.

ఎక్కడి నుంచో ఒక కానిస్టేబులు పరుగున వచ్చాడు. "ఎవరు సచ్చిండ్రు? శవమేది?"

"ఎవరూ సావలేదు సార్, మీటింగు పెట్టుకున్నం" అన్నాడు భియా.

"మీటింగుల ఏడుస్తరా?"

"మీటింగు ఇంకా షురూ కాలేదు సార్."

ఆయన నమ్మలేదు. గుంపు మధ్యలోకి పోయి శవం కోసం వెతికాడు. సద్దిమూటల మీది గుడ్డలు లాఠీతో ఎత్తి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. చుట్టూ అంతమంది, నడుమ ఏమీ లేని జాగా. నిలబడి చూస్తున్నవాడి ముఖం మెల్లగా పాలిపోయింది. "శవం లేని ఏడుపు నేనెన్నడు చూడలే" అని గొణుక్కుంటూ వెనక్కి చూడకుండా పోయాడు. అప్పుడు నేను పడీపడీ నవ్వాను.

భియా నవ్వలేదు. వింటున్నాడు. ఒకామె తన చెలకకు వాళ్ల ఊరి పటేలు ముళ్లకంప కట్టించిన సంగతి ఏడుస్తోంది. బదులిచ్చే ఆమె, తమ తండాలోనూ అదే అయిందని, కంప కట్టించినవాడు ఆ పటేలు బామ్మర్దేనని ఏడుస్తోంది. పక్కన ఇంకొకామె తాగే నీళ్ల బావి పోయిన సంగతి ఏడుస్తోంది. భియా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా ఉపన్యాసం దండగ. నేను చెప్పాలనుకున్నదంత వాండ్లే చెప్పుకుంటున్నరు" అన్నాడు నాతో.

సంఘం అలా నడిచింది. ఒక తండాలో ఏదైనా అయితే, నలుగురు ఆడవాళ్లు చుట్టపుచూపుగా పక్క తండాకు పోయేవాళ్లు. భుజం మీద తల పెట్టి ఏడ్చి వచ్చేవాళ్లు. పటేలు మనుషులు పక్కనే నిలబడి విన్నా వాళ్లకు ఏడుపే వినపడేది. నెల తిరగకముందే ఆ సంగతి గుట్టలన్నీ దాటిపోయేది. చిన్నప్పటి నుంచి విసుక్కున్న రాగం ఇంత పని చేస్తుందని నాకేం తెలుసు?

ఇక ఆ చెలక గురించి చెప్పాలి. తండాకు పడమట ఒక బోడగుట్ట. దాని కింద ఎర్రమట్టి చెలక, సర్కారు గైరాను, అంటే మేతకు విడిచిన పోరంబోకు. మా తాతల కాలంలో రాళ్లు ఏరి, తుప్పలు కొట్టి చేను చేసుకున్నారు. ఆముదాలు, కందులు వేసేవాళ్లం. చెలక పైకొసన, గుట్ట అంచున, మా పిల్లల్ని పెట్టే జాగా ఉండేది. మాలో పెళ్లయినవాళ్లు పోతే కాలుస్తారు. పెళ్లి కాకుండా పోయినవాళ్లను పాతిపెడతారు. కాలిస్తే ఏమీ మిగలదు. అందుకని మా తండాలో ఎన్ని తరాలు బతికాయన్నదానికి గుర్తుగా భూమిలో ఉన్నది ఆ పిల్లలే.

ఆ జాగాకు ఆడవాళ్లు పోకూడదు. బిడ్డను తండ్రి, మేనమామ కలిసి తీసుకుపోతారు. పని ముగించి వెనక్కి చూడకుండా వస్తారు. ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పరు. చెబితే తల్లి పోతుంది, పోతే బిడ్డ ఆమె వెంట ఇంటికి వచ్చేస్తుంది అని భయం. మా తాత చనిపోయే ముందు దాది ఆయన మంచం పట్టె పట్టుకుని అడిగిందట, ఇప్పుడన్నా చెప్పమని. ముఖం గోడ దిక్కు తిప్పుకున్నాడట. "సచ్చేటప్పుడు గూడ చెప్పలే ఆ మొండిఘటం" అని తిట్టుకునేది. ఆ తరం మగవాళ్లు ఒక్కొక్కరే పోయారు. కట్టుబాటు నిలబెట్టారు కానీ ఎవరి బిడ్డ ఎక్కడున్నదో ఎవరికీ తెలియకుండా చేసిపోయారు. తెలివైన పనా అది? నాకు ఇప్పటికీ కోపమే.

చెలక దారి చీలేచోట ఒక తుమ్మచెట్టు. ఆడవాళ్లకు అదే హద్దు, దాని అవతల చెలక పనంతా మగవాళ్లదే. మిట్టమధ్యాహ్నం సద్ది తీసుకుపోయేటప్పుడు దాది అక్కడ ఆగేది. అడుగు ముందుకు వేసేది కాదు. గుట్ట దిక్కు చెవి పెట్టి నిలబడేది. ఎండలో ఎండిన ఆముదపు కాయలు చిటుక్ చిటుక్ మని పగిలేవి. గాలి ఉండదు, మనిషి ఉండడు, ఆ చప్పుడు మాత్రం మన వెనకే నడిచి వచ్చినట్టు ఉంటుంది. "ఏం ఇంటున్నవ్ దాదీ?" అని అడిగాను ఒకసారి. "ఏం లేదు" అంది. సద్దిగంప నెత్తి మీద సర్దుకుని, "ఏం లేదు. గదే ఇంటున్న" అంది. 

ఒకసారి నేనే విన్నాను. వేసవి సెలవుల్లో మేకలు తోలుకుని ఒక్కదాన్నే పోయాను. తుమ్మచెట్టు దగ్గర మేకలన్నీ ఒక్కసారి తలలెత్తి గుట్ట దిక్కు చూశాయి. నమలడం ఆపేశాయి. అప్పుడు వచ్చింది, సన్నగా, నూలుపోగంత ఏడుపు. కాసేపు సాగి ఆగింది. ఆగిన తర్వాత ఉన్న నిశ్శబ్దమే నన్ను భయపెట్టింది. ఎవరో నా నోటి దిక్కు చూస్తున్నట్టు అనిపించింది. మేకల్ని అక్కడే వదిలేసి ఇంటికి ఉరికాను. గుట్ట మీద నెమళ్లు ఉంటాయి. నెమలి కూత పసిపిల్ల ఏడుపులాగే ఉంటుంది. నెమలే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

సంఘం బలపడేసరికి పటేలుకు కన్ను కుట్టింది. తొలకరికి ముందు, ఆ చెలక తన ఖాతాలోదంటూ ట్రాక్టరు పంపాడు. అంతకుముందే ఆయన జీతగాళ్లు పొలంలోని రాళ్లన్నీ ఏరి గట్టు కట్టారు. పిల్లల మీద గుర్తుగా పెట్టిన రాళ్లు కూడా ఆ గట్టులోకే పోయాయి. ఇప్పుడు కింది నుంచి పైదాకా దున్నించేశాడు. మా మగవాళ్లు అడ్డం పోతే పోలీసులు వచ్చి ఠాణాలో కూర్చోబెట్టారు. భియా సైకిలు మీద మిర్యాలగూడ పోయి ఆర్డీవో ఆఫీసు ముందు పడిగాపులు కాశాడు. చివరికి ఆర్డీవో తానే వచ్చి చూస్తానని, అప్పటిదాకా విత్తనం వేయొద్దని ఆర్డరు ఇచ్చాడు. ఆ చెలక పోతే తండాకు తిండి లేదు. వలస పోవడం ఒక్కటే మిగులుతుంది. అది అందరి బాధ.

దాది బాధ వేరే. ఆమె అన్నం మానేసింది. వచ్చినవాళ్లనల్లా ఒకటే అడిగేది. "దాని మీదికెళ్లి ట్రాక్టరు పోయిందా, పోలేదా? గదొక్కటి చెప్పుండ్రి నాకు." ఎవరు చెప్పగలరు? ఎక్కడుందో తెలిస్తే కదా! తుమ్మచెట్టు దగ్గర నిలబడి చూస్తే చెలకంతా ఎర్రగా తెరుచుకుని ఉండేది. నడుమ ఒక్కచోట, మంచమంత జాగా దున్నకుండా ఉంది. దాని మీద ఎండుగడ్డి అలాగే నిలబడి ఉంది. సాళ్లు దాని దగ్గరిదాకా వచ్చి, వంగి, చుట్టు తిరిగి పోయాయి. "అడుగున బండ ఉన్నదేమో, కర్రు విరుగుతదని ఇడిసిండ్రు" అన్నాడు బాపు. పిల్లల్ని పెట్టింది ఇంకా పైన, గుట్ట అంచున అని మేమంతా అనుకునేవాళ్లం. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆర్డీవో పొద్దున వస్తానన్నాడు. జీపు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మనిషి చెడ్డవాడేం కాదు, ఓపిక లేనివాడు. సర్వేయరు గొలుసు పట్టుకుని దిగాడు. పటేలు గొడుగు కింద నిలబడ్డాడు. ట్రాక్టరును కూడా తెప్పించి గట్టు పక్కన పెట్టించాడు, ఆ జాగా తనదేనని చూపించడానికి. దాని మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఊళ్లోని ముస్లిం ఇంటి మనిషి, నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు. తుమ్మచెట్టు కింద మా తండా అంతా, పక్క తండాల ఆడవాళ్లు కూడా.

"సార్, వీండ్లు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంట తిరిగెటోళ్లు. నిన్నగాక మొన్న ఈడ దిగిండ్రు" అన్నాడు పటేలు.

"తాతల కాలం నుంచి ఉన్నం సార్. మా పిల్లలను పాతిపెట్టిన జాగ ఇదే" అన్నాడు భియా.

"ఎక్కడ? చూపించండి" అన్నాడు ఆర్డీవో.

మగవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బాపు చెయ్యెత్తి గుట్ట అంచుకేసి ఊపాడు. ఇంకొకాయన ఇంకోదిక్కు ఊపాడు. పటేలు నవ్వాడు, అదే నవ్వు. భియా మా కట్టుబాటు సంగతి చెప్పబోయాడు. "చేతులు ఊపితే నేనేం రాసుకోవాలయ్యా? కన్న బిడ్డను ఎక్కడ పెట్టారో తెలియని వాళ్లుంటారా?" అన్నాడు ఆర్డీవో. ఆ మాటకు ఆడవాళ్లంతా తలలు వంచుకున్నారు.

అప్పుడు దాది నడవడం మొదలుపెట్టింది. తుమ్మచెట్టు దాటింది. "ఒద్దే యాడీ! పోవద్దు!" అని బాపు అరిచాడు, యాడి అంటే అమ్మ. "అది నీ ఎంబడి ఇంటికొస్తది!"

"వస్తే రానీ" అంది దాది ఆగకుండానే. "నా బిడ్డనే గదా."

దున్నిన మట్టిపెళ్లల మీద కాళ్లు మడతపడుతుంటే చెలక మధ్యకు పోయింది. అక్కడ ఎత్తుకుంది. చావు ఏడుపు కాదు అది. చాలారోజులకు కలిసిన మనిషిని పట్టుకుని పాడే ఢావ్లో. భుజం మీద తల వాల్చడానికి ఎదురుగా మనిషి లేదు. ఆమె మెడ మాత్రం ఒక పక్కకు వాలి ఉంది. కాసేపు పాడి ఆగేది. బదులు రావలసినంతసేపు నిలబడేది. ఇంకొంచెం దూరం పోయి మళ్లీ ఎత్తుకునేది. ఆగిన ప్రతిసారీ ఆ ఎండలో, గట్టు పక్కన పీకి పడేసిన ఆముదపు కట్టెల చప్పుడు కూడా ఆగిపోయినట్టు నాకనిపించింది. సర్వేయరు గొలుసు కింద పెట్టేశాడు. గుట్ట అంచుదాకా పోయి, మళ్లీ కిందికి వచ్చి, చివరికి మా దగ్గరికి తిరిగి వచ్చింది. ముఖం మీద చెమట, కన్నీళ్లు కలిసిపోయి ఉన్నాయి.

"పలుకుతలేదు" అంది.

భియా నా చెవిలో గుసగుసగా, "ఏదో ఒక జాగ చూపెట్టమను. అందరి బతుకు పోతది" అన్నాడు. నేను ఆ మాటే దాదికి చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు నేను మరచిపోలేను. "ఇంకొకామె బిడ్డ మీద నిలబడి నా బిడ్డ అనాల్నా?" అంది.

ఆర్డీవో ఫైలు మూసి జీపు దిక్కు తిరిగాడు. పటేలు గొడుగు కూడా తిరిగింది. అయిపోయింది అనుకున్నాను. 

"సాబ్, ఒక్క మాట."

ట్రాక్టరు డ్రైవరు దిగి వచ్చాడు. తువ్వాలు చేతిలో నలుపుతున్నాడు. "నీకెందుకురా, బండి తియ్యి" అని పటేలు గద్దించాడు. ఆయన విననట్టే ఆర్డీవో ముందుకు పోయి నిలబడ్డాడు.

"ఇదంత దున్నింది నేనే సాబ్. గాడ ఒక జాగ ఇడిసిపెట్టిన."

"బండ ఉందా అక్కడ?"

"బండ లేదు సాబ్. ఏడుపున్నది."

 ఆయన నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయాడు. "ఇంజను నడుస్తుంటెనే ఇనొచ్చేది. బంద్ చేస్తే అది గూడ బంద్ అయ్యేది. మొదాలు బేరింగు పోయిందనుకున్న. దిగి అంత చూసిన, మంచిగనే ఉన్నది. మళ్ల ఇంజను చాలు చేసిన, మళ్ల అదే. మా ఇంట్ల పసిగుడ్డున్నది సాబ్, పిల్ల ఏడుపు నాకు తెల్వదా? ఖబర్ మీద, గోరీ మీద నాగలి తోలొద్దని మా అమ్మీ చెప్పేది. సుట్టు తిప్పుకొని వచ్చిన. పటేలుకు బండ ఉన్నదని చెప్పిన."

దాది ఆయన చెయ్యి పట్టుకుంది. నా మెడ పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది.

"ఎట్ల ఏడ్సింది బిడ్డా? ఆకలి ఏడుపా, భయం ఏడుపా?"

"గట్ల కాదవ్వా."  "జరసేపు ఏడ్సుడు, జరసేపు ఆగుడు. ఎవలన్న పలుకుతరేమోనని సూసినట్టు. మళ్ల ఏడ్సుడు."

దాది ఆయన చెయ్యి వదిలి చెలక దిక్కు తిరిగింది. తర్వాత మెల్లగా అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "నేనే మొదలుపెట్టుకుంట తిరిగిన. అది ఎప్పుడో మొదలుపెట్టింది. బదులు నేనియ్యాలె."

తుమ్మచెట్టు దగ్గర నేను విన్న నూలుపోగంత ఏడుపు నాకు గుర్తొచ్చింది. అది ఆగినప్పుడు నా నోటి దిక్కు చూసినదేమిటో అప్పుడు అర్థమయింది. బాపు చెయ్యి పట్టుకున్నాను.

ఆర్డీవో ఫైలు మళ్లీ తెరిచాడు. "డ్రైవరు మాట రాసుకుంటే నన్ను చూసి నవ్వుతారు. ఏదైనా కంటికి కనపడాలి. తవ్వి చూడాలి" అన్నాడు. ఆ మాట అనడం ఆయనకూ ఇష్టం లేదు, ముఖం చూస్తే తెలిసింది. మావాళ్లలో ఒకాయన గడ్డపార తీసుకుని ముందుకు వచ్చాడు. ట్రాక్టరు పోయిందా పోలేదా అని అన్నం మానేసిన మనిషి ముందు గడ్డపార! తండా అంతా దాది దిక్కే చూస్తోంది. ఆమె వద్దంటే చెలక పోతుంది. సరేనంటే ఇన్నేళ్లకు దొరికిన బిడ్డను తానే కదిలించాలి.

"గడ్డపార ఒద్దు" అంది దాది. "నేనే తీస్త."

దున్నని జాగాకు పోయి కూర్చుంది. ముందు బదులు ఇచ్చింది. ఆ రాగం నేను అంతకుముందు వినలేదు. ఎత్తుగడ లేదు, కొత్త సంగతులు లేవు, అవతలివాళ్లు చెప్పినదానికి ఊఁ కొడుతూ సాగే రెండో సగం మాత్రమే. నీకు తమ్ముడు పుట్టాడని, వాడికి బిడ్డలు పుట్టారని, నీ నాయిన చోటు చెప్పకుండా పోయాడని, ఆడదాన్ని కాబట్టి రానివ్వలేదని, చెట్టుదాకా వచ్చి ఆగిపోయానని ఏడ్చింది. పక్క తండాల ఆడవాళ్లు హద్దు దాటి వచ్చి చుట్టూ కూర్చున్నారు. మగవాళ్లు ఎవరూ ఆపలేదు.

ఏడుపు ముగిసిన తర్వాత చేతులతో మట్టి తీసింది. మూరెడు లోతున నిలువుగా పాతిన పలకరాళ్లు తగిలాయి, మావాళ్లు పిల్లల చుట్టూ పెట్టే తీరులో. వాటి నడుమ మట్టిలోంచి గవ్వలు వచ్చాయి. మొలతాడుకు గుచ్చిన గవ్వలు. తాడు ఎప్పుడో పోయింది, గవ్వలు మాత్రం వరస తప్పలేదు. దాది వాటిని ముట్టుకోలేదు. వాటి మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"చాలమ్మా. మూసెయ్యి" అని ఆర్డీవో ముఖం తిప్పుకున్నాడు.

ఆయన అక్కడికక్కడే రాసిచ్చాడు, చెలక తండావాళ్ల సాగులోనే ఉంటుందని, వేరేవాళ్లెవరూ దాని మీదికి పోవద్దని. పట్టాలు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది, ఎన్ని ధర్నాలు, ఎన్ని వాయిదాలు! కానీ ఆ రోజు తర్వాత పటేలు ట్రాక్టరు అటు రాలేదు. డ్రైవరును మాత్రం ఆ దొంగముఖం పటేలు మర్నాడే పనిలోంచి తీసేశాడు. ఆయన నల్గొండ పోయి కిరాయికి ఆటో నడిపాడు. సంఘం పని మీద పోయినవాళ్లం ఆయన ఆటో వచ్చేదాకా స్టాండులో నిలబడేవాళ్లం.

జీపు పోయాక అందరం వెనక్కి బయల్దేరాం. తుమ్మచెట్టు దగ్గర మగవాళ్లు కాళ్లు దులుపుకుని, వెనక్కి చూడకుండా గబగబా ముందుకు పోయారు. దాది కాళ్లు దులుపుకోలేదు. తిరిగి చూసింది. తర్వాత నడిచింది, ఎప్పుడూ నడవనంత మెల్లగా. అలసిపోయిందనుకుని చెయ్యి అందించబోయాను. అప్పుడు చూశాను. ఆమె కుడిచెయ్యి పక్కకు, మోకాలి ఎత్తులో వేలాడుతోంది. చూపుడువేలు వంచి ఉంది, నడక నేర్చిన పిల్ల పట్టుకోవడానికి ఇచ్చినట్టు. రాళ్లు వచ్చినచోట ఆగుతోంది. దారి సాఫుగా ఉన్నచోట అడుగు వేస్తోంది. ఇంటి గడప దగ్గర పక్కకు జరిగి, కాసేపు ఆగి, ఆ తర్వాతే లోపలికి పోయింది.

నేను ఇలాంటివి నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా ఆ రోజు తుమ్మచెట్టు నుంచి ఇంటిదాకా, వాళ్లిద్దరినీ దాటిపోకుండా వెనకే నడిచాను.